ఖర్చుకో చెట్టు

మా వరహాలు పిసినారి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా ఊళ్ళో ఎవర్ని కదిపినా మొదట వచ్చే మాట అదే. వాళ్ళ పెరట్లో మెతుకు రాలదని కాకులు పక్క ఊరికి వలస పోయాయంటారు. అది నేను పుట్టించిన మాటే. ఒక ఎండుచేప తల వాళ్ళింట్లో మూడు పూటల పులుసులో ఈదిందన్నది కూడా నాదే. నాలుగో పూట దాన్ని మళ్ళీ ఎండబెట్టి దాచుకున్నారన్నది మాత్రం నాది కాదు. అది కొబ్బరికాయల వ్యాపారం చేసే సింహాద్రి కలిపాడు.

పిసినారికి డబ్బు కావాలి. వరహాలుకు డబ్బు అక్కర్లేదు. అతనికి కావలసింది ఒక్కటే. నలభై అయిదేళ్ళు వచ్చేసరికి జీడిపిక్కల బట్టీలోంచి బయటపడాలి. ఆ తరవాత చచ్చేదాకా ఆ గేటు లోపలికి అడుగు పెట్టకూడదు.

మాది ఉద్దానంలో, పూండి స్టేషనుకు సముద్రం వైపు రెండు మైళ్ళలో ఉన్న ఊరు. ఇసుక నేల. కొబ్బరి, జీడిమామిడి, పల్లంలో కాస్త వరి. కూలి డబ్బు కళ్ళజూడాలంటే పలాస వెళ్ళి జీడి ఫ్యాక్టరీలో చేరాలి. వరహాలు పదిహేనో ఏట చేరాడు. అతని పని పిక్కలు కాల్చడం. ఇనప పీపాలో పిక్కలు పోసి, కింద మంట పెట్టి, పీపాని తిప్పుతూనే ఉండాలి. పిక్క పెంకులో ఉన్న నూనె మండి నల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ కళ్ళలోకి వెళ్తుంది, గొంతులోకి వెళ్తుంది, అక్కడే కాపురం పెడుతుంది. బట్టీ మనిషి పెళ్ళి విందుకొచ్చి బంతిలో కూర్చుంటే, పాయసంలో జీడిపప్పు వేయని లోటు తెలిసేది కాదు.

అతని తండ్రిదీ అదే బట్టీ. ఒక మధ్యాహ్నం ఆయన పీపా పక్కనే కూలబడి ప్రాణం విడిచాడు. అప్పటికి వాయి సగం కాలింది. మధ్యలో ఆపితే పిక్క మాడిపోతుంది, మాడిన పిక్కకు కూలి కోస్తారు. వరహాలు తండ్రి మొహం మీద తువ్వాలు కప్పి, ఆ వాయి పూర్తయ్యేదాకా పీపా తిప్పి, దింపి, చల్లార్చి, అప్పుడు తండ్రిని భుజాన వేసుకున్నాడు. అప్పుడతనికి ఇరవై ఏడేళ్ళు. నలభై అయిదు అన్న అంకె ఆ రోజే అతని నోట విన్నాను. అదే ఎందుకని అడిగితే, "అంతకంటే బేగి నావల్ల కాదు బావా, అంతకంటే ఆలీసమైతే నానుండను" అన్నాడు. అతని భార్య కాంతం నాకు దూరపు వరసలో చెల్లెలు. అందుకని నేను వయసులో చాలా పెద్దవాణ్ణయినా అతనికి బావనే.

డబ్బు బ్యాంకులో వేసుకోమని సలహా ఇచ్చాను.

"బేంకోడు ఆదోరం సెలవెడతాడు. సెట్టు సెలవెడతాదేటి?" అన్నాడు.

అతని పథకం అది. తండ్రి ఇచ్చిన నలభై సెంట్ల ఇసుక ఉంది. ఇంకో అరవై సెంట్లు నాలుగు విడతల్లో కొన్నాడు. ఏటా పది మొక్కలో పన్నెండు మొక్కలో కొబ్బరి వేసుకుంటూ పోయాడు. గొయ్యి తనే తవ్వేవాడు, నీళ్ళు కాంతం మోసేది. అయితే ఊళ్ళో అందరిలాగా చెట్లు వేసి, కాయలమ్మి, వచ్చిన డబ్బు ఖర్చు పెట్టుకోవడం కాదు. ప్రతి చెట్టుకూ ఒక ఖర్చు అప్పజెప్పాడు. ఈ మూడూ కిరసనాయిలు చెట్లు. ఆ ఎనిమిదీ ఉప్పు, చింతపండు, మిరపకాయల చెట్లు. ఇది సైకిలు చెట్టు, అంటే దాని కాయలతోనే ఏడాదంతా సైకిలు ట్యూబులూ చెయినూ చూసుకోవాలి. చుట్టాల పెళ్ళిళ్ళ చదివింపులకు పది. గుడి సంబరం చందాకు ఒకటి. అతని చుట్టలకు ఒకటి. సబ్బుకు ఒకటే. సబ్బు చెట్టు బొండం కొడితే నీళ్ళు నురగలొస్తాయని నేను ప్రచారం చేశాను. ఇద్దరు నమ్మారు, ఒకాయన వచ్చి అడిగాడు కూడా.

కాంతం నీళ్ళ బిందె దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒకరోజు అడిగింది.

"మరి నాకో సెట్టు నేదేటి మావా?"

"ఎందుకు నేదు? సీరలకి ఆరు. మందులకి మూడు."

"మందులకా? నానేటి సావడానికున్నట్టు కనబడతన్నానేటి?"

"ఇద్దరికీనే. నాకు దగ్గు, నీకు నడుం."

"నా నడుం మూడు సెట్లు తినీసినంత పెద్దదా?" అంది. నా ముందే అంది. ఆ తరవాత వాళ్ళిద్దరూ నవ్విన నవ్వు చూసి, నేను తువ్వాలు దులుపుకుని లేచి వచ్చేశాను.

వాళ్ళకు పిల్లల్లేరు. ఎవరి కోసం ఇంత కూడబెడుతున్నారని ఊళ్ళో అడిగేవాళ్ళు. కాంతం చెప్పేది: "మాకోసమేనమ్మా. మేం మాత్రం మనుసులం కామేటి?" తనూ అదే ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. పొద్దున్నించి సాయంత్రం దాకా గొంతుక్కూర్చుని, కాల్చిన పిక్కని ఒక్కొక్కటే నిలబెట్టి, కొయ్యతో పప్పు చితకకుండా కొట్టాలి. పెంకులోని జీడి నూనె అంటుకోకుండా వేళ్ళకు బూడిద రాసుకునేది. రాసుకున్నా వేళ్ళు నల్లగా కాలినట్టే ఉండేవి. పద్దెనిమిదేళ్ళు అలా కూర్చుంది. వరహాలు మానేసిన రోజునే తనూ మానేయాలన్నది వాళ్ళ ఒప్పందం.

డెబ్భై రెండు చెట్లకు డెబ్భై రెండూ కాపుకొచ్చాయి. రెండువేల సంవత్సరం ఉగాదికి మానేయడమని ముహూర్తం పెట్టుకున్నాడు. అంతలో ముందు ఏడాది దసరాలు వెళ్ళాక ఒక గాలివాన వచ్చింది. మా వైపు గాలివానంటే సముద్రం లేచొచ్చి పెరటి తలుపు తట్టి వెళ్ళడమే. ఆ గాలికి మా మేక ఎగిరి పూండి ప్లాట్‌ఫారం మీద పడిందని నేను చెబుతూ ఉంటాను. మేక సంగతి ఎలా ఉన్నా, వరహాలు చెట్లు నాలుగు పోయాయి. తెల్లారి నేను వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాం ఆ నాలుగింటి చుట్టూ తిరుగుతున్నారు. ఒకటి చుట్టల చెట్టు, ఒకటి సంబరం చెట్టు. రెండు మందుల చెట్లు.

వాళ్ళిద్దరూ ముందునుంచీ ఒక కట్టడి పెట్టుకున్నారు. ఏ చెట్టు పడితే ఆ ఖర్చు పడిపోయినట్టే. ఇంకో చెట్టుని పిలిచి దాని పని చేయించకూడదు. అలా మొదలు పెడితే సబ్బు చెట్టు చీరలకూ, చీరల చెట్టు చదివింపులకూ పోయి, చివరికి బట్టీకే పోవాలని వరహాలు అనేవాడు. అందులో నిజం లేకపోలేదు.

"సుట్టలు మానీగలను" అన్నాడు వరహాలు.

"సంబరానికి నువ్వెల్లకపోతే అమ్మవోరేటీ అనుకోదు" అంది కాంతం.

"మరి మందులు?"

"ఒకటుంది కదా. సాలు."

"కొత్తవి రెండేసి, అవి కాసీదాకా ఆగుదామా?"

"అంటే ఇంకో ఆరేడేళ్ళు. నాను కూకోలేను మావా. నువ్వు మాత్రం ఆ పొగలో ఉండగలవేటి? మనకిప్పుడు రోగాల్నేవు. ఒక సెట్టు సాలు."

నేను అక్కడే ఉన్నాను. చదివింపుల చెట్లు పది ఉన్నాయి కదా, అందులో రెండు ఇటు మార్చుకోండి అనొచ్చు. అనలేదు. పడిన చెట్ల నీడలో కూర్చుని లేత కొబ్బరి తింటున్నాను.

ఉగాదికి మానేశాడు. ఫ్యాక్టరీ మేనేజరు ఢిల్లేశ్వరరావు నవ్వి, "ఆర్నెల్లు. ఆర్నెల్లకి నువ్వే పరిగెత్తుకొత్తావు సూడు" అన్నాడట. వరహాలు అతనికి ఒక కొబ్బరిబొండం ఇచ్చి వచ్చాడు. అది ఏ ఖర్చు చెట్టుదో తెలీదు.

రెండేళ్ళు. ఆ రెండేళ్ళ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సుఖపడేవాళ్ళ కథలో చెప్పుకోడానికి ఏముంటుంది? పొద్దున్నే లేచేవాడు. కూర్చునేవాడు. మొదటి నెలంతా ఊరికే కూర్చున్నాడు. ఫ్యాక్టరీ సైరను మోగే వేళకు ఒళ్ళు దానంతట అదే లేవబోయేది, కాంతం చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. తరవాత చెట్లకు పాదులు చేసుకోవడం, గెల దించడం, కమ్మలు అల్లడం, మధ్యాహ్నం నిద్ర. ఒకసారి ఇద్దరూ రైలెక్కి బారువ వెళ్ళి సముద్రం చూసొచ్చారు. మన సముద్రం రెండు మైళ్ళే కదా, అంత దూరం ఎందుకని అడిగితే, "మన సముద్రానికెల్తే ఎవులో ఒకులు పని సెప్తారు బావా" అన్నాడు.

కాంతానికి ఒళ్ళు నొప్పులు. పద్దెనిమిదేళ్ళు గొంతుక్కూర్చున్న మనిషికి నొప్పులు ఉండవా అని తనే తేలిగ్గా తీసేసేది. బడ్డీ కొట్లో నొప్పి బిళ్ళలు అమ్ముతారు, రూపాయికి రెండు. అవి వేసుకునేది. మందుల చెట్టు కాయ దించి అమ్మినప్పుడల్లా ఆ డబ్బుకు సరిపడా బిళ్ళలు తెచ్చి డబ్బాలో పోసుకునేది. డబ్బా ఖాళీ అయితే ఆ చెట్టు మళ్ళీ కాయ ఇచ్చేదాకా ఓర్చుకునేది. కాళ్ళు పొంగాయి. ఎండకనుకుంది. అన్నం సయించలేదు. వానకనుకుంది. పలాస డాక్టరు దగ్గరకు వెళ్తే చూసినందుకే మందుల చెట్టు ఏడాది కాపు పోతుంది, మరి బిళ్ళలకు? వరహాలును అడిగితే చెట్లన్నీ తెచ్చి కాళ్ళ దగ్గర పోసేవాడు. అందుకే అడగలేదు. ఎనిమిది నెలలు చీర కుచ్చిళ్ళు కిందికి దించి కట్టుకుని తిరిగింది.

రెండువేల రెండు శ్రావణంలో ఒకరోజు నూతి దగ్గర పడిపోయింది. పలాస తీసుకెళ్ళారు. రక్తం తీసి పరీక్ష చేసి కాగితం ఇచ్చారు. వరహాలు ఆ కాగితం నా దగ్గరకు పట్టుకొచ్చాడు. కాన్వెంటులో సిస్టర్లు బెత్తం పట్టుకుని నాకు నేర్పిన ఇంగ్లీషు మా ఊరికి అలా పనికొచ్చేది. మందు చీటీలు, కోర్టు నోటీసులు, టెలిగ్రాములు చదివి పెట్టేవాణ్ణి. ఇలాంటి కాగితాలు అప్పటికే ఏడో ఎనిమిదో చదివాను. మొదటి దానికి డిక్షనరీ చూడాల్సి వచ్చింది. తరవాత అక్కర్లేకపోయింది. ఏ అంకె దగ్గర చూడాలో నాకు తెలుసు.

"ఏటి రాసినారు బావా?"

కాకుల్ని వలస పంపినవాణ్ణి, మేకని ఎగరేసినవాణ్ణి. ఆ పూట ఉన్నదే చెప్పాను.

"మూత్రపిండాలు" అన్నాను.

"రెండూనా?"

"రెండూ."

కారణం ఏమిటని అతను అడగని డాక్టరు లేడు. ఒకరు నీళ్ళన్నారు. ఒకరు బిళ్ళలన్నారు. ఇంకొకరు మీ ఉద్దానంలో ఎందుకొస్తోందో మాకే తెలీదన్నారు. అది నిజం. బిళ్ళ మొహం చూడని వాళ్ళకూ వచ్చింది మా ఊళ్ళో. వరహాలు మాత్రం ఇంకేదీ వినలేదు. "ఆ రెండు సెట్లూ ఉండుంటే ముందే డాట్రు దగ్గిరికెల్లును కదా" అన్నాడు. ముందే వెళ్ళినా ఇంతే జరిగేదేమో అన్నాను. తల ఊపాడు. నమ్మలేదు.

వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకెళ్ళి రక్తం కడిగించాలన్నారు. పెద్దాసుపత్రిలో మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. వరసలో వాళ్ళ వంతు రాలేదు. బయట చేయించాలి. అక్కడి ఖర్చూ, రైలూ, తిండీ కలిపితే ఒక్కసారికి అయిదు చెట్ల ఏడాది కాపు. డెబ్భై చెట్లున్నా ఏడాదికి ఏడు వారాలు. వరహాలు ఆ లెక్క వేలితో ఇసుకలో వేశాడు. ఇక కాయ అమ్మడం కాదు, చెట్టునే అమ్మాలి. చెట్టూ, అది నిలబడిన నేలా కలిపి అమ్మితే ఒక ప్రయాణం వస్తుంది.

సింహాద్రి కొంటానన్నాడు. ఒక్కొక్కటే.

ఏ చెట్టు ముందు అమ్మాలో నిర్ణయించడానికి ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. కాంతం గోడకు ఆనుకుని ఉంది.

"సదివింపుల సెట్లు అమ్మీ" అంది. "ఇన్నేళ్ళూ అందరికీ సదివించినాం. ఇప్పుడు మనకి సదివించుకుందాం."

"తరవాత?"

"సీరలవి. ఉన్న సీరలు నాకంటే ఎక్కువ కాలం మన్నుతాయి."

"నోరు ముయ్యి" అన్నాడు వరహాలు.

"ఒక్కటి మాత్రం సెప్తన్నాను, అన్నయ్య సాచ్చికం. సెట్లమ్ముకో, ఇల్లమ్ముకో. నువ్వు మల్లీ బట్టీకి ఎల్లకూడదు. ఎల్లినావని తెలిసిందా, నాను రైలెక్కను."

"నానెందుకెల్తాను?" అన్నాడు.

రెండు నెలల్లో పదిహేడు చెట్లు పోయాయి. పదిహేడో చెట్టు అమ్మిన మర్నాడు అతను పలాస వెళ్ళి గేటు బయట నిలబడ్డాడు. ఢిల్లేశ్వరరావు చూశాడు. "ఆర్నెల్లన్నాను. రెండేళ్ళాగినావు. గట్టోడివే" అని, కొత్తగా చేరినవాళ్ళ కూలికి పీపా దగ్గర పెట్టుకున్నాడు. విశాఖ ప్రయాణం లేని రోజుల్లో పని. సింహాద్రితో కలిసి నౌపడలో ఉప్పు బేరం చూస్తున్నానని కాంతానికి చెప్పాడు. సింహాద్రి కూడా అవునన్నాడు, నేను కూడా అవునన్నాను. ముగ్గురం కలిసి కట్టిన అబద్ధం, ఎక్కడా సందు లేదనుకున్నాం. పొగ వాసన తెలియకుండా వరహాలు ఇంటికొచ్చే దారిలో మోటారు బావి దగ్గర ఒళ్ళు రుద్దుకుని, బట్టలు మార్చుకుని వచ్చేవాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక మంగళవారం పొద్దున్న రైలు వేళకు నేను తోడు వెళ్దామని వాళ్ళింటికి వెళ్ళాను. కాంతం తల దువ్వుకుని అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో సబ్బు ముక్క. గోరంత ఉంది.

"అన్నయ్యా, మాయింట్లో సబ్బు బిళ్ళ ఎన్నాళ్ళొత్తాది?"

"నాకేం తెలుసమ్మా?"

"రెండు నెల్లు. ఇరవయ్యేళ్ళుగా రెండు నెల్లే. ఇది మూడు వారాల్లో కరిగిపోనాది. ఉప్పు బేరం సేసినోడికి ఇంత సబ్బెందుకు?"

వరహాలు గుమ్మంలో నిలబడ్డాడు. తడి జుట్టు.

"పద, రైలొచ్చేత్తాది" అన్నాడు.

"నాను రాను."

"కాంతం, నా మాటిను."

"ఇన్నాను కదా. ఉప్పు బేరమని సెప్తే ఇన్నాను."

అతను బతిమాలాడు. తిట్టాడు. ఎత్తుకోబోతే అరుగు స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుంది. దూరంగా రైలు కూత వినిపించింది, ఆగడం వినిపించింది, కదలడం వినిపించింది. అప్పుడు అతను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఇంక వెళ్ళనని ఒట్టేశాడు. శుక్రవారం రైలెక్కింది. ఒట్టు నిలబెట్టుకున్నాడు. కూలి ఆగింది. చెట్లు వారానికి రెండు చొప్పున కరిగిపోతూ వచ్చాయి.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కాంతం నాకు కబురు పెట్టింది. వరహాలు ఇంట్లో లేడు. ఆమె మొహం ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయాయి. ఒళ్ళో చింతపిక్కలు పోసుకుని ఉంది.

"నీకు ఇంగ్లీసు లెక్కలొచ్చు కదా అన్నయ్యా. ఈ లెక్క సరిపోనాదో నేదో సూడు." ఒక్కొక్క పిక్కే చాప మీద పెట్టింది. "ఉప్పు, సింతపండు, మిరపకాయ: మూడు. ఎండుసేపలు రెండు. కిరసనాయిలొకటి. పంచి ఒకటి. బియ్యానికి రెండు. పన్నుకొకటి. మందులకొకటి. సబ్బెలాగూ వోడడు. సుట్టాలంటావా, నాను నేకపోతే ఎవులొత్తారు? పదకొండు. ఒక్క మనిసికి పదకొండు సెట్లు సాలు కదా?"

ఒక్క మనిషి అనే మాట దగ్గర నాకు అర్థమైంది. లెక్క తగ్గితే ఇంకొన్ని ప్రయాణాలు. అందుకని వెంటనే అన్నాను: "పదకొండెందుకు? ఆరు చాలు. వాడు ఒక్కడే అయితే గాలి తిని బతుకుతాడు."

"అబద్దం."

"ఒట్టు."

"ఊరంతటికీ అబద్దాలు సెప్తావు, ఒక్కటీ సక్కంగా సెప్పడం రాదు అన్నయ్యా నీకు" అంది. నవ్వింది కూడా. "మావకి సెప్పకు."

నేను చెప్పలేదు. చెప్పాల్సిందేమో. అప్పటికి ఇరవై నాలుగు చెట్లున్నాయి. తరవాత ఆరున్నర వారాల పాటు నేను వాళ్ళ దొడ్డి వైపు వెళ్ళినప్పుడల్లా లెక్క పెట్టేవాణ్ణి. పద్దెనిమిది. పదిహేను. పన్నెండు.

పదకొండు మిగిలిన రోజున కాంతం రైలెక్కనంది. ఈసారి వరహాలు ఏ తప్పూ చేయలేదు, కాబట్టి వేయడానికి ఒట్టు కూడా లేదు. ఎందుకని అడిగాడు. "అలిసిపోనాను" అంది. ఇంటిని అమ్ముతానన్నాడు. తాటాకుల కొంప, సింహాద్రి కూడా కొననన్నాడు. అప్పు తెస్తానన్నాడు. "ఎవులు తీరుత్తారు? మల్లీ బట్టీకెల్లా?" అంది. డాక్టర్ని ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆయన నాడి చూసి, ఏదో రాసి, డబ్బు తీసుకోకుండా వెళ్ళిపోయాడు. పది రోజులు కూడా పట్టలేదు. ఊపిరాడక కూర్చునే పోయింది. మా కాంతం కూర్చోలేనని పని మానేసిన మనిషి.

దినాలు అయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. ఒక సాయంత్రం వరహాలు ఇసుకలో వేలితో గీతలు గీస్తూ ఉంటే నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపు గీసి, చెరిపి, మళ్ళీ గీశాడు.

"పదకొండు బావా" అన్నాడు. "ఒక్కడికి సరిగ్గా సరిపోతాయి. తక్కువా కాదు, ఎక్కువా కాదు."

నేను సముద్రం వైపు చూశాను.

"నీకు తెలుసా?"

కాంతానికి చెట్ల లెక్క నేర్పినవాడు అతనే. ఇంకొకరు చెప్పక్కర్లేకపోయింది. లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అతను కోరుకున్నది అతనికి దొరికింది. పని లేదు, అప్పు లేదు, ఒకరికి చెయ్యి చాచక్కర్లేదు. ఒక నెలంతా అరుగు మీద కూర్చున్నాడు. తరవాత ఒకరోజు పొద్దున్నే సైకిలు మీద పలాస రోడ్డులో ఎదురయ్యాడు.

"ఎక్కడికి?"

"బట్టీకి."

"వరహాలూ, అది వద్దనే కదా ఆ పిల్ల..."

"తెలుసు బావా. అయితే ఆ కాయలమ్మి ఉప్పు కొనుక్కుని, అన్నంలో కలుపుకుని, నోట్లో ఎట్టుకున్నాను. దిగనేదు. నానేటి సెయ్యను?"

అడ్డం నిలబడితే పక్కనుంచి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఆ పదకొండు చెట్ల కాయ దించడు, దించనివ్వడు. సింహాద్రి అడిగి అడిగి ఊరుకున్నాడు. కాయలు వాటంతటవే రాలి ఇసుకలో పడి ఉంటాయి. కొన్ని మొలకలేస్తే మేకలు తిని పోయాయి. వరహాలు కూలి డబ్బుతో ఉప్పూ చింతపండూ కొనుక్కుంటాడు. ఫ్యాక్టరీలో ఇప్పుడు పిక్కలు కాల్చడం మానేసి ఆవిరి మీద ఉడకబెడుతున్నారు. పొగ లేదు, పీపా తిప్పేవాడి అవసరమూ లేదు. పాతవాళ్ళని ఒక్కొక్కరినే పంపించేస్తున్నారు. వరహాలుని కొన్నాళ్ళు బస్తాలు మోయమన్నారు, మోయలేకపోతే గేటు దగ్గర కూర్చోబెట్టారు.

మొన్న ఆదివారం నా దగ్గరకొచ్చాడు. జేబులోంచి తెల్ల కాగితం తీసి మడత విప్పి అరుగు మీద పరిచాడు.

"బావా, ఇంగ్లీసులో ఒకటి రాసీ. సావుకారి కొడుకొచ్చినాడు, ఇంగ్లీసులో రాస్తేనే సదువుతాడంట. నన్ను తీసీవొద్దని రాయి. ఏ పనైనా సేత్తానని రాయి."

"వయసు ఎంత వేయను?"

"నీ ఇష్టం. తక్కువెయ్యి."

యాభై రెండు. నలభై ఎనిమిది వేశాను. ఆరోగ్యం బాగుందని రాశాను. ముప్పై ఏడేళ్ళ అనుభవమని రాసి, అది వయసుతో పొసగదేమోనని కొట్టేసి, ముప్పై అని రాశాను. కుటుంబం అతని సంపాదన మీదే ఆధారపడి ఉందని కూడా రాశాను. అతను కింద వేలిముద్ర వేశాడు. వేలు కడుక్కోమని సబ్బు ఇస్తే, వద్దని పంచెకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. శావుకారు కొడుకు ఇంకా జవాబివ్వలేదు.